చదువు నిలిచేది విరామంలోనే

నేర్చుకున్న విషయం ఏళ్ల తరబడి గుర్తుండాలంటే మెదడు కణాల్లో కొన్ని జన్యువులు పనిలోకి దిగాలి. కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి, కణాల మధ్య కొత్త సంధులు ఏర్పడాలి. అందుకు వ్యవధి కావాలి, నిద్ర కావాలి. సముద్రపు నత్త మొదలు మనిషి దాకా దశాబ్దాల పరిశోధన తేల్చిన సంగతి ఇది. పరీక్షల పేరిట పిల్లల నిద్ర కోసేస్తున్న మనం ముందుగా వినాల్సిందీ ఇదే.

కాలిఫోర్నియా తీరంలో అప్లీసియా అనే సముద్రపు నత్త ఉంటుంది. జానెడు దాటి పెరుగుతుంది, పైకి పెంకు కనిపించదు. నీళ్లు వదిలే దాని గొట్టాన్ని సుతారంగా తాకితే చాలు, మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. అలా తాకుతూనే ఉంటే, దీనివల్ల ముప్పేమీ లేదని గ్రహించి ముడుచుకోవడం తగ్గిస్తుంది. ఆ చిన్న ప్రాణికి అదే పాఠం.

1970ల తొలినాళ్లలో ఎరిక్ కాండెల్ బృందం ఈ నత్తలకు ఆ పాఠాన్ని రెండు రకాలుగా నేర్పింది. కొన్నింటిని ఒకే విడతలో 40 సార్లు తాకారు. ఆ పాఠం ఒక్కరోజే నిలిచింది. మరికొన్నింటిని రోజుకు 10 సార్ల చొప్పున నాలుగు రోజులు తాకారు. అది వారాల తరబడి నిలిచింది. లెక్కకు రెండూ 40 సార్లే. తేడా అల్లా మధ్యలో దొరికిన విరామం.

ఆ విరామంలో నత్త ఒంట్లో ఏం జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినందుకే 2000లో కాండెల్‌కు నోబెల్ బహుమతి దక్కింది.

మరువలేని రాత్రి

కాండెల్ 1929లో వియన్నాలో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రిది బొమ్మల దుకాణం. తొమ్మిదో పుట్టినరోజుకు అమ్మానాన్నలు మెరిసే నీలిరంగు బొమ్మకారు కొనిచ్చారు. రెండు రోజులకే, 1938 నవంబరు 9న, ఊరంతా యూదుల ఇళ్లపై, దుకాణాలపై దాడులు మొదలయ్యాయి. పోలీసులు తలుపు బాది, ఇల్లు ఖాళీ చేయమన్నారు. కొన్నాళ్లకు తిరిగొచ్చి చూస్తే విలువైనవన్నీ దోచుకుపోయారు. ఆ కారు కూడా లేదు. మరుసటి ఏడాది కుటుంబం అమెరికా చేరింది. ఆ తలుపు చప్పుడు తన మనసులో అంత గాఢంగా ఎలా ముద్రపడిందన్న ఆలోచనే తనను మెదడు పరిశోధన వైపు నడిపించిందని కాండెల్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

రెండు రకాల జ్ఞాపకాలు

జ్ఞాపకాలన్నీ ఒక్క తీరువి కావని లోకానికి తెలిపినవాడు హెన్రీ మొలైసన్ అనే అమెరికన్. 1953లో, 27వ ఏట, తీవ్రమైన మూర్ఛలు తగ్గించేందుకు వైద్యులు అతని మెదడుకు రెండువైపులా ఉన్న హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలామేర తొలగించారు. మూర్ఛలైతే తగ్గాయి కానీ, కొత్తగా జరిగినదేదీ అతనికి గుర్తు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఓసారి అతన్ని 584 అనే సంఖ్యను గుర్తుంచుకోమంది. కూడుతూ, తీసేస్తూ పావుగంటసేపు మనసులో నిలుపుకున్నాడు. ధ్యాస మళ్లిన మరుక్షణం సంఖ్య పోయింది. దాన్ని గుర్తుంచుకోమని తనకెవరో చెప్పారన్న సంగతీ పోయింది. అప్పటికప్పుడు గుర్తుంచుకోవడం, కలకాలం గుర్తుంచుకోవడం రెండూ వేర్వేరు పనులని దీంతో తేలింది.

రెండోదానికి ఏం కావాలో 1960లలో బెర్నార్డ్ అగ్రనాఫ్ గోల్డ్‌ఫిష్‌తో చూపించాడు. చేపలకు శిక్షణ ఇచ్చిన వెంటనే, ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించాడు. అవి పాఠం నేర్చుకున్నాయి కానీ, కొద్ది రోజుల్లో మరిచిపోయాయి. అదే మందు శిక్షణ ముగిసిన గంట తర్వాత ఎక్కిస్తే జ్ఞాపకం చెక్కుచెదరలేదు. అంటే, నేర్చుకున్న తర్వాతి కాసేపట్లో కణాలు ఏదో కొత్తగా తయారుచేసుకుంటున్నాయి. ఆ తయారీ పూర్తయితేనే పాఠం నిలుస్తుంది.

సంధి నుంచి కేంద్రకానికి

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒకటి మరొకదానికి కబురందించే చోటును సినాప్స్, అంటే నాడీసంధి అంటారు. వాడకాన్ని బట్టి ఈ సంధి బలపడుతుంది, బలహీనపడుతుంది. నేర్చుకోవడానికి పునాది ఈ గుణమే. అప్లీసియాలో నాడీకణాలు 20 వేలే. వాటిలో కొన్ని కంటికి కనిపించేంత పెద్దవి. అందుకే కాండెల్ దాన్ని ఎంచుకున్నాడు.

ముడుచుకోవడాన్ని తగ్గించే పాఠమే కాదు, పెంచే పాఠమూ ఉంది. నత్త తోకకు ఓసారి చిన్నపాటి షాక్ ఇస్తే సెరటోనిన్ అనే రసాయనం విడుదలవుతుంది. స్పర్శను మోసే కణంలో అది సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువుల సంఖ్యను పెంచుతుంది. అవి ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమును ఉసిగొల్పుతాయి. దాంతో ఆ సంధి దగ్గర కబురు మరింత గట్టిగా వెళ్తుంది. ఇదంతా ఉన్న సరుకుతోనే జరిగే సర్దుబాటు కాబట్టి నిమిషాల్లో చెరిగిపోతుంది.

అదే షాక్‌ను విరామాలిస్తూ ఐదుసార్లు ఇస్తే కథ మారుతుంది. ఈసారి ఆ ఎంజైము సంధి దగ్గరే ఆగిపోకుండా, కణం నడిబొడ్డున ఉన్న కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ క్రెబ్-1 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. క్రెబ్-1 డీఎన్‌ఏపై కూర్చుని, అప్పటిదాకా ఊరకున్న జన్యువుల్లో కొన్నింటిని పనిలోకి దింపుతుంది. దానికి అడ్డుపడే క్రెబ్-2 అనే ప్రోటీన్ కూడా ఉంది. అది తప్పుకుంటేనే పని ముందుకు సాగుతుంది. కంటబడిన ప్రతిదీ శాశ్వత జ్ఞాపకంగా మారిపోకుండా ప్రకృతి పెట్టిన కాపలా అది.

జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ, దాని నుంచి కొత్త ప్రోటీన్లు, వాటితో కొత్త సంధులు. క్రెయిగ్ బెయిలీ, మేరీ చెన్ సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి చూశారు. శిక్షణ లేని నత్తలో స్పర్శ కణానికి సగటున 1,300 సంధి కొనలు ఉంటే, అలా షాక్‌లతో దీర్ఘకాలిక శిక్షణ పొందిన నత్తలో అవి సుమారు 2,700కు పెరిగాయి. జ్ఞాపకం గాలిలో ఉండదు. కంటికి చూపించగలిగే, లెక్కపెట్టగలిగే కట్టడం అది.

ఈ కట్టడంలో ఓ తెలుగువాడి పేరూ తలుచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీ అనే అణువును వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది ఏటీపీ నుంచే. క్రెబ్‌కు తగిలే ఫాస్ఫేట్ వచ్చేదీ ఏటీపీ నుంచే. సుబ్బారావు వెలికితీసిన ఆ అణువు లేకుండా ఏ జ్ఞాపకమూ నిలవదు.

ఈగ, ఎలుక, మనిషి

నత్తలో జరిగింది మనకూ వర్తిస్తుందా? 1994లో టిమ్ టల్లీ బృందం పండ్ల ఈగలకు ఒక వాసన వస్తే షాక్ తగులుతుందని నేర్పింది. పదిసార్లూ వెంటవెంటనే నేర్పిన ఈగల జ్ఞాపకం నాలుగు రోజుల్లోపే కరిగిపోయింది. ప్రతి విడతకూ మధ్య 15 నిమిషాల విరామమిచ్చిన ఈగలు వారం తర్వాత కూడా ఆ వాసనకు దూరంగా జరిగాయి. క్రెబ్‌ను అడ్డుకుంటే మాత్రం విరామం ఇచ్చినా దీర్ఘకాలిక జ్ఞాపకం ఏర్పడలేదు. అదే ఏడాది, క్రెబ్ లోపించిన ఎలుకలు పాఠాన్ని అరగంట దాకా గుర్తుంచుకుని మర్నాటికి మరిచిపోతున్నాయని మరో బృందం చూపింది.

మనుషుల్లోనూ దాఖలా ఉంది. క్రెబ్‌తో చేయి కలిపి జన్యువులను నడిపించే సీబీపీ అనే ప్రోటీన్ ఉంది. దాని జన్యువులో లోపముంటే రూబిన్‌స్టైన్-టేబీ సిండ్రోమ్ వస్తుందని 1995లో తేలింది. అది ఉన్న పిల్లల్లో బుద్ధి వికాసం మందగిస్తుంది. ఇక విరామమిస్తూ చదివితే ఎక్కువకాలం గుర్తుంటుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగించుకుని రాశాడు. ఆయన చూసిన ఫలితానికి కారణం వందేళ్ల తర్వాత కణంలో దొరికింది.

స్లాబు పోసిన మేస్త్రీ మర్నాడే దానిమీద గోడ లేపడు. నీళ్లు కట్టి, క్యూరింగ్‌కు వదిలేస్తాడు. ఆ రోజుల్లో పని ఆగిపోయిందని ఎవరూ అనుకోరు. చదువుకు, చదువుకు మధ్య దొరికే వ్యవధి కూడా అలాంటిదే.

నిద్ర వృథా కాదు

ఆ వ్యవధిలో అతి విలువైనది నిద్ర. పగలు ఎలుక తిరిగిన దారిలో స్పందించిన హిప్పోక్యాంపస్ కణాలు, అది నిద్రపోయినప్పుడు మళ్లీ కలిసి స్పందిస్తాయని 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ గుర్తించారు. మెదడు పాఠాన్ని నెమరు వేసుకుంటోందన్నమాట. 2009లో టెడ్ ఏబెల్ బృందం మరో మెట్టు ఎక్కింది. ఎలుకలను ఐదు గంటలు నిద్రపోనివ్వకపోతే, హిప్పోక్యాంపస్‌లో సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైము ఎక్కువై, కబురు మధ్యలోనే బలహీనపడుతోందని చూపింది. కేంద్రకాన్ని కదిలించాల్సిన ఆ తొలి కబురే దెబ్బతింటోంది.

మన పిల్లల మాటేమిటి?

ఇప్పుడు మన ఇంటర్ చదువుల వైపు చూద్దాం. తెల్లవారకముందే లేపే స్టడీ అవర్, పొద్దంతా తరగతులు, రాత్రి పొద్దుపోయేదాకా మళ్లీ స్టడీ అవర్. వారాంతంలో పరీక్ష, ఆ వెంటనే కొత్త పాఠం. ఇది ఒకే విడతలో నలభైసార్లు తాకడమే. అలా చదివింది రేపటి పరీక్షలో అక్కరకు రావచ్చు. ఏడాది తర్వాత పునాదిగా నిలవాల్సిన చదువు మాత్రం ఆ పద్ధతిలో నిలవదు. మరిచిపోయిన పిల్లాడిని మొద్దు అంటాం. అతని మెదడుకు కట్టుకునే వ్యవధే ఇవ్వలేదని ఒప్పుకోం.

మన పాత బడిపంతుళ్లు ఎక్కాలను ఒక్కరోజులో బట్టీ పట్టించలేదు. సాయంత్రం బడి వదిలేముందు కాసేపు, రోజూ వల్లె వేయించారు. అలా నేర్చిన పదమూడో ఎక్కం డెబ్బై ఏళ్ల తాతకు ఇవాళ్టికీ తడుముకోకుండా వస్తుంది. క్రెబ్ పేరు వినకపోయినా, వాళ్లకు విరామం విలువ తెలుసు.

అమ్మానాన్నలకు, కాలేజీలు నడిపేవారికి, టైంటేబుల్ వేసే లెక్చరర్లకు ఒక్క విన్నపం. ఈ రోజు చెప్పిన పాఠాన్ని రేపు కాసేపు, వారానికి మరోసారి, నెలకు ఇంకోసారి తిరగేయించండి. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం మూయించి పడుకోబెట్టండి. స్టడీ అవర్ నుంచి రెండు గంటలు తగ్గించి నిద్రకు ఇవ్వండి. నిద్రపోతున్న విద్యార్థి చదువు మానేసినవాడు కాడు. పగలు చదివింది అతనికి సొంతమయ్యేది అప్పుడే.