బీటెక్ చదువుతూనే.. బొమ్మల పోర్ట్‌ఫోలియో!

ఫైనల్ ఇయర్‌లో ఉన్నారా? బొమ్మలంటే ప్రాణం, కానీ ‘దాంతో కడుపు నిండుతుందా?’ అని ఇంట్లో అడిగితే జవాబు లేక కోడింగ్ టెస్టులు రాస్తున్నారా? రాయండి, మానొద్దు. ఆదివారాలు మాత్రం దీనికి ఇవ్వండి.

రంగు, గుడ్డ, కాగితం, నార, మట్టి ఇలా రకరకాల పదార్థాలు కలిపి చేసే బొమ్మే మిక్స్‌డ్ మీడియా. ఖరీదైన కిట్లు అక్కర్లేదు. మీది సత్తెనపల్లి వైపైతే సరుకంతా చుట్టుపక్కలే ఉంది. పత్తి కట్టె, పారేసిన మిర్చి తొడిమలు, పిడుగురాళ్ల సున్నం. (తొడిమలతో కూర్చునే ముందు ఫ్యాన్ ఆపండి. ఎందుకో మీకు చెప్పాలా?)

ఏం గీయాలో తోచకపోతే అమరావతి బస్సెక్కండి. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. స్తూపం మీద చెక్కిన పద్మాలను, పూర్ణఘటాన్ని ఫోన్‌తో కాదు, పెన్సిల్‌తో పట్టుకోండి. ఇక్కడి నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరిన ఒక పలకకు ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దపు చెక్కడం ఉంటే, అదే రాయిని తిప్పి క్రీ.శ. 3వ శతాబ్దంలో రెండో వైపు చెక్కారు. పాతదాని మీదే కొత్త పని అన్నమాట! కానీ తవ్వకాల చోట పెంకుముక్క కూడా జేబులో వేసుకోవద్దు. వందేళ్లు దాటిన కళాఖండాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. బొమ్మ గీసుకోండి, చాలు.

ఇక అసలు సంగతి. పది పదార్థాలు అతికించడం కంటే ఒక్కదాని గుట్టు తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం. కలంకారీ నలుపునే తీసుకోండి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి మూడు వారాలు నానబెడతారు. గుడ్డను కరక్కాయ కషాయం, గేదె పాలు కలిపి తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పాకదు. కలంతో గీయగానే కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లబడతాయి. ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది అర్థం కాకపోవడమేంటి?

ఎంత బెల్లం వేశారు, ఎన్ని రోజులకు రంగు తేలింది, ఏ గుడ్డ మీద చెదిరిపోయింది.. అన్నీ తేదీలతో రాసి, ఫొటోలు తీసి పెట్టుకోండి. పాడైన ముక్కలనూ దాచండి. డిజైన్ ఇంటర్వ్యూలో అందమైన బొమ్మ ఒక్కటే సరిపోదు, అది ఎలా వచ్చిందో చెప్పగలగాలి.

ఆ ఇంటర్వ్యూ దాకా వెళ్లే దారి సీడ్ పరీక్ష. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. బీటెక్ ఫైనల్ ఇయర్ వాళ్లూ రాయొచ్చు. వయోపరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఎం.డిజైన్ ఉంది. చేత్తో గీయాల్సిన ప్రశ్నలుంటాయి కాబట్టి ఆ పెన్సిల్ ఇక్కడా పనికొస్తుంది.

బొమ్మలు అమ్మి నెల తిరిగేసరికి జీతమంత సంపాదించొచ్చని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. వయసు 18–25 మధ్య ఉండాలి, కనీసం ఐదేళ్ల శిక్షణ కావాలి. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు అందదు. ఇంటర్‌లో ఉన్న చెల్లెలో తమ్ముడో చిన్నప్పటి నుంచి గురువు దగ్గర నేర్చుకుంటుంటే ఈ కబురు వాళ్లకు చెప్పండి.