టైరు మీద అంకెలు

పొద్దున నాలుగున్నర. రామకృష్ణాపూర్‌లో ఇంకా చీకటి పోలేదు. పాలు పోసే అక్క సైకిల్ బయటికి తీసింది. వెనక క్యారియర్‌కు రెండు పాల క్యాన్లు కట్టింది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు ఇల్లు కదలక ముందే సింగరేణి క్వార్టర్లలో పాలు పోయాలి. చాయ్ గిన్నె కడిగి పెట్టుకుని ఆమె కోసం చూస్తుంటారు.

సగం దారిలో 'సుయ్' మని చప్పుడు వచ్చింది. వెనక చక్రం నేలకు అతుక్కుపోయింది.

అంత పొద్దున పంచరు దుకాణం ఎవరు తీస్తారు? క్యాన్లతోనే సైకిల్ నెట్టుకుంటూ పోయింది. పాలు పోసేసరికి ఎండ వచ్చింది. అప్పటికే మూడు ఇండ్లవాళ్లు పాకెట్ పాలు తెచ్చుకున్నారు. ఒక ఇంట్లో "రేపటి నుంచి వద్దులే అక్కా" అన్నారు. రోజూ లీటరు పోసే వాడుక పోయింది. ఆ నెలలో అది మూడో పంచరు.

"ఏందన్నా, మొన్న ఏసిన పంచరు మళ్లా అయింది?" అని దుకాణం అన్నను అడిగింది.

ఆయన ట్యూబు బయటికి లాగాడు. గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. ఒక చోట బుడగలు వచ్చాయి. పాత అతుకు గట్టిగానే ఉంది. దాని పక్కనే కొత్త చిల్లు పడింది. టైరు లోపల పాత గుడ్డతో మెల్లగా తుడిచాడు. గుడ్డ ఒక చోట చిక్కుకుంది. అక్కడ వెంట్రుక లాంటి ఇనుప తీగ ముక్క ఉంది. మొన్న పొడిచింది అదే. ఇయ్యాల పొడిచిందీ అదే. ట్యూబుకు అతుకు వేశారు కాని తీగను తీయలేదు.

ఈ తీగ ఎక్కడిది? బొగ్గు లారీల టైర్లది. పెద్ద లారీల టైర్లలో ఉక్కు తీగలు ఉంటాయి. టైరు పేలితే ఆ తీగలు తునిగి రోడ్డు మీద పడతాయి. చూస్తే కనబడవు. బొగ్గు గనుల ఊళ్లలో లారీల బాట మీద సైకిల్ తొక్కేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. రోడ్డు దిగితే సర్కారు తుమ్మ ముళ్లు. వానలు పోయాక పల్లేరు కాయలు. పల్లేరు కాయ ఎట్ల పడ్డా ఒక ముల్లు పైకి చూస్తనే ఉంటుంది.

చిల్లు ఎక్కడ పడిందో చూస్తే పంచరు ఎందుకు అయిందో తెలుస్తుంది. ట్యూబు పైభాగాన, అంటే రోడ్డు వైపు, చిల్లు ఉంటే ముల్లో తీగో గుచ్చింది. లోపలి వైపు, రిమ్ము దిక్కు ఉంటే చక్రం పుల్లల కొనలు గుచ్చాయి. రిమ్ము మీద వేసే పట్టీ చిరిగితే ఇట్ల అవుతుంది. పాము కరిచినట్టు పక్క పక్కన రెండు చిల్లులు పడితే ముల్లు తప్పేం లేదు. గాలి తక్కువ ఉంది. గాలి తక్కువ ఉన్న చక్రం రాయి ఎక్కితే ట్యూబు రాయికీ రిమ్ముకూ నడుమ నలిగిపోతుంది. వెనక బరువు ఉంటే ఇంకా తొందరగా నలుగుతుంది.

దుకాణం అన్న టైరును వెలుతురులో తిప్పి చూపించాడు. "చూడక్కా, నడుమ రబ్బరు అంతా అరిగింది. దారాలు బయటికొచ్చినయ్. దీన్ల ఏ ముల్లు దిగదు చెప్పు?"

టైరు అంటే వట్టి రబ్బరు కాదు. లోపల గట్టి దారాలు అల్లినట్టు ఉంటాయి. వాటి మీద రబ్బరు పూత పోస్తారు. రెండు అంచుల్లో ఉక్కు తీగ ఉంటుంది. అది రిమ్మును పట్టుకుని ఉంటుంది. నేలకు తగిలే నడిమి భాగాన రబ్బరు మందంగా ఉంటుంది. ముల్లు లోపలికి దిగకుండా ఆపేది ఆ మందమే. రబ్బరులో మసి కలుపుతారు. అందుకే టైరు నల్లగా ఉంటుంది. ఆ నలుపు బొగ్గు పొడి కాదు. నూనెను సగం సగం కాల్చి పట్టిన సన్నటి మసి. మసి కలిపితే రబ్బరు తొందరగా అరగదు.

మొదట్లో సైకిళ్లకు గాలి టైర్లు లేవు. గట్టి చక్రాలే ఉండేవి. ముల్లు గుచ్చినా ఏం కాదు. కాని రాళ్ల మీద పోతే నడుము విరిగినంత పని అయ్యేది. 1888లో ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ అనే ఊళ్లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు. తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. కుదుపు తగ్గింది. గాలితో పాటు పంచరూ వచ్చింది. ఇప్పుడు కూడా గాలి లేని టైర్లు దొరుకుతాయి. పంచరు కావు. కాని బరువుగా ఉంటాయి. పాల క్యాన్లు కట్టుకుని గుంతల రోడ్డు మీద వాటితో తొక్కడం కష్టం.

అక్క టైర్ల దుకాణానికి పోయింది. "ఇరవై ఆరు టైరు ఇయ్యి అన్నా" అంది. ఆయన ఒకటి తీసి ముందర పడేశాడు. డబ్బులు ఇయ్యకుండా ఆమె టైరు పక్క భాగం వెతికింది. అక్కడ అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అంకెలు మాత్రం ఆమెకు వచ్చు. సాయంత్రం బడిలో నేర్చుకున్నది.

ఇంటి దగ్గర పాత టైరు మీద చూసి కాగితం మీద రాసుకుంది: 37-590. దుకాణం అన్న ఇచ్చిన టైరు మీద చివర 584 ఉంది. "ఇది కాదన్నా" అంది. పక్కన నిలబడ్డ ఒకాయన నవ్విండు. "ఇరవై ఆరుకు ఇరవై ఆరే కదనే!"

నవ్వినాయనకు తెలియని సంగతి ఇది. ఇరవై ఆరు అని పిలిచే టైర్లు ఒక్క రకం కాదు. ఆడవాళ్ల సైకిళ్లకు ఎక్కువగా వచ్చేది 26 x 1⅜. దాని మీద 590 అని ఉంటుంది. 26 x 1½ టైరు మీద 584 ఉంటుంది. పిల్లలు తొక్కే లావు టైర్ల సైకిలుకు 559. గీత తర్వాత ఉన్న ఆ మూడంకెల సంఖ్య, టైరు రిమ్ము మీద కూర్చునే చోటి కొలత. అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. 584కూ 590కీ తేడా ఆరు మిల్లీమీటర్లే. కాని 584 టైరు 590 రిమ్ముకు ఎక్కదు. 590 టైరును 584 రిమ్ముకు వేస్తే వదులుగా ఉంటుంది. గాలి కొట్టగానే ఊడి వస్తుంది. దారిలో ఊడితే మనిషి పడిపోతుంది. మగవాళ్ల పెద్ద సైకిలుకు వచ్చేది 28 x 1½. దాని మీద 40-635 అని ఉంటుంది. ముందున్న 37, 40 అనేవి టైరు లావు. అవి కొద్దిగా అటూ ఇటూ ఉన్నా పరవాలేదు. వెనక మూడంకెలు మాత్రం సరిగ్గా కలవాలి.

ఆడవాళ్లకు సైకిల్ సంగతి ఏం తెలుస్తదని నవ్వడం కొత్త కాదు. 1991 తర్వాత తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షర ఉద్యమంలో భాగంగా ఆడవాళ్లకు సైకిల్ నేర్పారు. అప్పుడు కూడా మొదట నవ్వారు. వేల మంది నేర్చుకున్నారు. కూలికి పోయేవాళ్లు, నీళ్లు తెచ్చుకునేవాళ్లు, రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు సైకిల్ ఎక్కారు.

590 టైర్లు రెండు రకాలు ముందర పెట్టించుకుని అక్క చేత్తో చూసింది. ఒకటి తేలికగా ఉంది. ఒకటి బరువుగా ఉంది. ఒకే సైజులో బరువున్న టైరుకు సాధారణంగా రబ్బరు ఎక్కువ ఉంటుంది. నడుమ బొటనవేలితో నొక్కితే తేలిక టైరు వెంటనే లోపలికి పోయింది. రెండోది పోలేదు. తర్వాత టైరును కొద్దిగా వంచి చూసింది. చాలా రోజులు దుకాణంలో ఎండకు వేలాడిన టైరుకు వంచిన చోట సన్న పగుళ్లు కనబడతాయి. అట్లాంటిది కొత్తదైనా తీసుకోవద్దు. దారాలు నైలాన్‌వేనా అని కూడా అడగాలి. నూలు దారం తడికి చీకిపోతుంది. నైలాన్ చీకదు.

పెద్ద పెద్ద గడ్డల్లాంటి అచ్చు ఉన్న టైరు చూస్తే గట్టిగా కనబడుతుంది. మట్టి బాటకు అది మంచిదే. తారు రోడ్డు మీద మాత్రం బరువుగా సాగుతుంది. గడ్డల నడుమ సందుల్లో రబ్బరు పలచగానే ఉంటుంది. రోడ్డు మీద తిరిగేవాళ్లకు చిన్న గీతలు ఉండి నడుమ మందంగా ఉన్నదే మేలు.

ఇంకా ఖరీదైన టైర్లు పెద్ద పట్నాల్లో దొరుకుతాయి. వాటిలో రబ్బరు కింద ఇంకో పట్టీ ఉంటుంది. కొన్నిటిలో కెవ్లార్ అనే దారం వాడతారు. దాన్ని 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అనే ఆడ శాస్త్రవేత్త కనిపెట్టింది. అది అదే బరువున్న ఉక్కు కంటే అయిదు రెట్లు గట్టి. తుపాకి గుండును ఆపే చొక్కాలు కూడా దానితో చేస్తారు. పాలు పోసే సైకిలుకు అంత టైరు లేకపోయినా నడుస్తుంది.

అక్క నోటు పుస్తకంలో లెక్క రాసింది. తేలిక టైరు 300 రూపాయలు. ఆరు నెలలకు అరుగుతుంది. నెలకు రెండు పంచర్లు, ఒక్కోదానికి 30. ఆరు నెలలకు 360. మొత్తం 660. ఏడాదికి 1320. బరువు టైరు 500. ఏడాది వచ్చినా, నాలుగు పంచర్లు అయినా 620. పోయిన పాల వాడుక ఇందులో రాయలేదు. ఇది ఆమె లెక్క. మీ ఊళ్లో ధరలు వేరే ఉంటాయి, మీ పుస్తకంలో మీరు వేసుకోవచ్చు.

బరువు టైరే కొన్నది. వెనక చక్రానికి వేయించింది. మనిషి బరువు, క్యాన్ల బరువు ఎక్కువగా వెనకే పడుతుంది. అందుకే వెనక టైరు ముందు అరుగుతుంది. అట్లాగని పగిలిన టైరు తీసి ముందుకు వేయవద్దు. ముందు చక్రం పేలితే హ్యాండిల్ చేతిలో ఆగదు.

టైరు వేసేటప్పుడు రిమ్ము పట్టీ కూడా కొత్తది వేయించింది. గాలి ఎంత కొట్టాలో టైరు మీదనే పి.ఎస్.ఐ. అనే ఇంగ్లీషు అక్షరాల పక్కన ఉంటుంది. లారీలకు గాలి కొట్టే మిషను దగ్గర పట్టించవద్దు. ఒక్కసారే గాలి దూరి ట్యూబు పగలొచ్చు. చేతి పంపు చాలు. గాలి మెల్లమెల్లగా దిగిపోతుంటే ప్రతిసారీ పంచరే అనుకోవద్దు. వాల్ ట్యూబ్ అనే చిన్న రబ్బరు ముక్క చీకిపోయి ఉంటుంది. దాని ఖర్చు చాలా తక్కువ. టైరుకు కిరోసిన్, గ్రీసు అంటనీయవద్దు. అవి రబ్బరును మెత్తబరుస్తాయి.

ఇప్పుడు అక్క రాత్రి క్యాన్లు కడిగాక రెండు చక్రాలనూ వేలితో నొక్కి చూస్తుంది. టైరులో గుచ్చుకున్న ముల్లు ఏమైనా ఉంటే సూదితో తీస్తుంది. సైకిల్‌ను ఎండ తగలని గోడ పక్కన పెడుతుంది. ముందు చక్రానికి ఇంకా పాత టైరే ఉంది. పాల డబ్బులు వచ్చినాక దాన్ని మార్చాలి. 37-590 అని రాసుకున్న కాగితం గూట్లో దాచింది.