లివరులో కొవ్వు - డాక్టరు అడగవలసిన నాలుగు ప్రశ్నలు



మొన్న మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఆసుపత్రి చీటీ తెచ్చి, "అమ్మా, గిదేందో జర సదివి చెప్పు" అంది. స్కానింగులో లివరుకు కొవ్వు పట్టిందని తేలింది. కింద సలహా: అన్నం తగ్గించాలి, కూరలూ పండ్లూ ఎక్కువ తినాలి, రోజూ అరగంట నడవాలి.

వినగానే ఆవిడ నవ్వేసింది. "అన్నం తగ్గిస్తే ఏం తినాలమ్మా? ఇంట్ల ఉండేదే రేషన్ బియ్యం గద!" ఆ నవ్వు నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

లివరులో కొవ్వు నూటికి ఐదు వంతులు మించితే జబ్బు కిందే లెక్క. మందు ముట్టనివాళ్ళకూ వస్తుంది. షుగరు, బి.పి., బానపొట్ట దీని చుట్టాలు. నొప్పి ఉండదు, అదే ప్రమాదం. అశ్రద్ధ చేస్తే కొందరిలో లివరు గట్టిపడిపోతుంది. అందుకే 2021లో కేంద్రప్రభుత్వం దీన్ని షుగరు, కేన్సరు, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. మన హైదరాబాదులోనే 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షిస్తే నూటికి 84 మందికి ఉందని 2025లో ప్రకటించారు.

అలాగని ఇది ఏ.సి. గదుల జబ్బే అనుకోకండి. చేతిలో డబ్బు తక్కువైతే కడుపు నింపేది అన్నం, నూనె, చక్కెర టీ. అశోక్‌నగర్ హాస్టళ్ళలో పరీక్షలకు చదివే పిల్లల్ని చూడండి. డబ్బు మిగలాలని ఒకపూట మాని, రాత్రి బజ్జీలతో సరిపెట్టుకునేవాళ్ళూ ఉంటారు.

అందుకని బరువు, రక్తపరీక్షలతోపాటు రోగి ఇబ్బందులు కూడా అడగాలంటున్నారు డాక్టర్లు. అమెరికాలో షుగరు వైద్యుల సంఘం ఇదే చెబుతోంది. ప్రశ్నలు చాలా మామూలువి. డబ్బు చేతికి రాకముందే ఇంట్లో సరుకులు నిండుకుంటున్నాయా? అద్దెకు ఇబ్బందిగా ఉందా? ఆసుపత్రికి రావడానికి వీలవుతోందా? ఖర్చుకు భయపడి మందులు మానేస్తున్నారా?

ఇవి నలుగురి ముందూ అడిగేవి కావు. మెల్లగా, పక్కకు పిలిచి అడగాలి. అడిగి ఊరుకున్నా లాభం లేదు, దారి చూపించాలి. బస్తీ దవాఖానాలో డాక్టరూ, రక్తపరీక్షలూ ఉచితం. 2023 డిసెంబరు నుంచి మన ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు కూడా ఉచితమే. పండ్లు కొనలేనివాళ్ళకు చిక్కడపల్లి మార్కెట్లో తోటకూర, పాలకూర ఉన్నాయి. ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె పప్పు పెంచుకోవచ్చు. టీలో చక్కెర మానవచ్చు. బరువున్నవాళ్ళు నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గితే లివరు చాలావరకు కోలుకుంటుంది. అంటే డెబ్భై కిలోల మనిషి ఐదు నుంచి ఏడు కిలోలన్నమాట.

ఇక మన సంగతి. నారాయణగూడలో ఉన్నా, చిక్కడపల్లిలో ఉన్నా మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. రాత్రి మిగిలిన అన్నం, పిల్లలు వద్దన్న మిఠాయిలు ఆవిడ డబ్బాలో పెట్టి, పుణ్యం చేశాననుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళిన రోజు జీతం కోశాను కూడా! దవాఖానా తెరిచివుండేది పగటిపూట. ఆవిడ నాలుగిళ్ళ పనీ పగటిపూటే. మరి ఎప్పుడు వెళుతుంది?

ఇప్పుడు డబ్బాలో పప్పూ, కూరా పెడుతున్నాను. పరీక్షల రోజుకు జీతం కోయడం లేదు. మిగతా మూడిళ్ళవాళ్ళతోనూ నేనే మాట్లాడాను, ఇద్దరు సరేనన్నారు.

ఆ ప్రశ్నలు డాక్టరు అడగకపోతే, మనమైనా అడుగుదాం. సెలవు.