వెన్నులో సూది గుచ్చే వేళ

(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ రోజు ఒక సహోదరి రాసిన ఉత్తరంతో మన ధ్యానాన్ని ప్రారంభించుకుందాం. ఆమె ఊరు, పేరు చెప్పను. ఆమె కుమారునికి తొమ్మిదేళ్లు. చాలా రోజులు జ్వరం, తలనొప్పి, వాంతులు. తరువాత మెడ బిగుసుకుపోయింది, పిల్లవాడు మగతగా పడి ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరుగారు, "వెన్నులోనుండి నీరు తీసి పరీక్ష చేయాలి, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. ఆ మాట వినగానే బంధువులందరూ, "వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి, ఒప్పుకోవద్దు" అన్నారు. బిడ్డను ఇంటికి తెచ్చుకున్నారు. రెండు రోజుల తరువాత బాబుకు మూర్ఛ వస్తే మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తారు. అప్పుడు పరీక్ష చేశారు. టి.బి. మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు పట్టిన క్షయ అని తేలింది. మందులు మొదలుపెట్టారు. దేవుని కృపచేత బిడ్డ బ్రతికాడు. కానీ ఒక చెవి వినబడడం లేదు.

ఉత్తరం చివర ఆ తల్లి ఇలా అడిగింది: "పాస్టరుగారూ, మేము భయపడ్డాము. మా భయాన్నిబట్టి దేవుడు మమ్మల్ని శిక్షించాడా?"

ప్రియులారా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు మీ ఎదుట ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నాకు కూడా ఈ పరీక్ష చేశారు. విపరీతమైన తలనొప్పి, జ్వరం, మెడ వంచలేని స్థితిలో ఆసుపత్రిలో చేరాను. తలకు స్కానింగ్ తీసిన తరువాత వెన్ను నీరు చూడాలన్నారు. భయపడకుడని ఎన్నోసార్లు ప్రసంగించిన నేను ఆ మాట విని వణికిపోయాను. చేతులు చల్లబడిపోయాయి. నా భార్య, "ప్రార్థన చేసుకుందామండీ" అంటే నోట ఒక్క మాట రాలేదు. కాబట్టి ఈ రోజు భయపడినవాడిగానే మాట్లాడుతున్నాను.

మొదటిగా, భయము అవిశ్వాసము కాదు.

మార్కు సువార్త 14వ అధ్యాయము 33, 34 వచనాలు చదవండి. గెత్సేమనే తోటలో మన ప్రభువు ఎంతగా కలవరపడ్డాడో, ఆయన ప్రాణము ఎంతగా దుఃఖములో మునిగిందో అక్కడ ఉంది. పాపమెరుగనివాడు తన శరీరానికి రాబోయే బాధను తలచుకొని వేదనపడ్డాడు. 56వ కీర్తన మూడవ వచనములో దావీదు, భయం పుట్టిన దినాన తాను ఎవరిని ఆశ్రయిస్తాడో చెబుతున్నాడు. తనకు భయమే రాదని చెప్పలేదు. సూదిని చూసి శరీరం బిగుసుకోవడం సహజం. ఆ భయాన్ని పట్టుకొని ఎటు పరుగెడుతున్నాము అన్నదే ప్రశ్న. ప్రభువు దగ్గరకా? లేక ఆసుపత్రి గుమ్మం దాటి ఇంటికా?

రెండవదిగా, సంగతి తెలుసుకోవాలి. చీకటి గదిలో తాడు కూడా పామే. దీపం వెలిగిస్తే తాడు తాడుగానే కనబడుతుంది. ఈ పరీక్ష అంటే ఏమిటో కాస్త ఓపికగా వినండి.

దీనిని డాక్టర్లు లంబార్ పంక్చర్ అంటారు. జర్మనీ దేశంలో కీల్ పట్టణంలో పనిచేసిన హైన్రిక్ క్వింకే అనే వైద్యుడు 1891లో ఈ పద్ధతిని తెలియజేశాడు. అంటే ఇది నూట ముప్పై ఏళ్లకు పైగా వైద్యులు చేస్తూ వస్తున్న పరీక్ష. మన మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నీటివంటి తేటైన ద్రవం ఉంటుంది. పెద్దవారిలో అది సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. మెదడు పొరలకు క్రిములు సోకినా, మెదడు చుట్టూ రక్తం చిమ్మినా, కొన్ని నరాల జబ్బులు వచ్చినా ఆ నీటిలో గుర్తులు కనబడతాయి. ఏ క్రిమి వల్ల వచ్చిందో తెలిస్తేనే కదా దానికి తగిన మందు ఇవ్వగలిగేది! మెనింజైటిస్ వంటి జబ్బులో ప్రతి గంటా విలువైనదే.

"నీరంతా తీసేస్తే మెదడు ఎండిపోదా?" అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. మామూలుగా తీసేది రెండు మూడు టీ స్పూన్లు మాత్రమే. మన శరీరం రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల కొత్త ద్రవాన్ని తయారు చేసుకుంటూనే ఉంటుంది. తీసిన నీరు గంట లోపే మళ్లీ ఊరుతుంది. మనలను కలుగజేసినవాడు ఆ ఊట కూడా పెట్టాడు.

మరి కాళ్లు పడిపోతాయన్న మాట? పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర ఆగిపోతుంది. సూది వేసేది దానికి కిందుగా, మూడవ నాలుగవ పూసల మధ్యనో, నాలుగవ ఐదవ పూసల మధ్యనో. డాక్టరుగారు మన తుంటి ఎముకల పై అంచులు తడిమి చూసేది ఆ చోటు గుర్తించడానికే. అక్కడ వెన్నుపాము ఉండదు. గుర్రపు తోకలాగా సన్నని నరాలు ఆ నీటిలో తేలుతూ ఉంటాయి. సూది మొన తగిలితే సాధారణంగా అవి పక్కకు జరుగుతాయి. పసిపిల్లలకు వెన్నుపాము ఇంకాస్త కిందివరకు ఉంటుంది గనుక వారికి దానికి తగ్గట్టు చోటు చూసుకుంటారు.

అయితే ఈ మాట ఊరూరా ఎందుకుంది? కాళ్లు చచ్చుబడే జబ్బులు వచ్చినవారికే తరచుగా ఈ పరీక్ష అవసరమవుతుంది. పరీక్ష జరిగిన తరువాత జబ్బు ముదిరి కాళ్లు పడిపోతే, చూసినవారు జబ్బును వదిలి సూదిని నిందించారు. గొడుగు తెరిచినందుకే వాన వచ్చిందన్నట్టు! అలాగని ఏ ప్రమాదమూ లేదని నేను అబద్ధం చెప్పను. అరుదుగా రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అందుకే సంతకం అడుగుతారు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, ఏదైనా మందు పడకపోయినా ముందుగానే తప్పక చెప్పాలి. తలలో ఒత్తిడి పెరిగి ఉందన్న అనుమానం ఉంటే స్కానింగ్ చూసిన తరువాతనే ఈ పరీక్ష చేస్తారు. ఏ అనుమానమున్నా సంతకానికి ముందే అడగండి. అడగడం డాక్టరును అవమానించడం కాదు, దేవుని శంకించడమూ కాదు.

మూడవదిగా, నొప్పి తగ్గించే సహాయాన్ని దేవుని దయగా అంగీకరించండి. కొందరు విశ్వాసులు, "మందు ఎందుకు, ప్రార్థన చాలదా?" అంటారు. యెషయా 38వ అధ్యాయములో హిజ్కియాకు మరి పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్దను అతని పుండుమీద కట్టించాడు. ప్రార్థనా ఉంది, వైద్యమూ ఉంది. 1847లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు ప్రసవ వేదనకు క్లోరోఫారం ఇచ్చినప్పుడు మతం పేరిట అభ్యంతరాలు వచ్చాయి. అప్పుడాయన ఆదికాండము 2:21 చూపించాడు. ఆదాము ప్రక్కటెముక తీయడానికి ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేశాడు కదా!

ఇప్పుడు ఆ బల్లమీద ఏమి జరుగుతుందో చెబుతాను. మంచం అంచున ఒక పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు కడుపులోకి ముడిచి, గడ్డం రొమ్ముకు ఆనించమంటారు. తల్లి గర్భంలో శిశువు ఉన్నట్టుగా. కొందరిని కూర్చోబెట్టి దిండును కౌగలించుకొని ముందుకు వంగమంటారు. అలా వంగితే పూసల మధ్య సందు తెరుచుకుంటుంది. వీపు మీద చల్లని మందు పూస్తారు. తరువాత తిమ్మిరెక్కే ఇంజక్షన్. అది కొన్ని క్షణాలు చీమ కుట్టినట్టు మండుతుంది. చాలామందికి ఎక్కువ నొప్పి అదే. ఆ తరువాత అసలు సూది దిగేటప్పుడు ఎవరో వేలితో గట్టిగా నొక్కినట్టుంటుంది. ఒక్కోసారి కాలిలోకి కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. సూది ఒక నరాన్ని తాకిందన్నమాట. అప్పుడు కదలకండి, "కుడికాలు", "ఎడమకాలు" అని నోటితో చెప్పండి. వారు సూదిని సరిచేస్తారు. ఆ నీటిని లాగరు, దానంతట అదే బొట్లు బొట్లుగా సీసాలోకి పడుతుంది. మొత్తం అరగంట పని. కొందరికి రెండవసారి గుచ్చవలసి రావచ్చు. నాకు అలాగే జరిగింది.

ఆ రెండవసారి నేను ఊపిరి బిగబట్టేశాను. పక్కన నిలబడిన నర్సమ్మ, "ఊపిరి బిగించకండి అయ్యగారూ, మెల్లగా వదలండి" అంది. ఊపిరి బిగబడితే కండరాలు బిగుస్తాయి, లోపలి నీటి ఒత్తిడి కూడా పెరుగుతుంది. అప్పుడు పెద్ద ప్రార్థన చేసే శక్తి నాకు లేదు. ఊపిరి తీసుకుంటూ "యేసయ్యా" అన్నాను. వదులుతూ "తోడుండు" అన్నాను. అంతే. ఎన్నిసార్లు అన్నానో తెలియదు. నొప్పి పోలేదు గాని, నొప్పిలో నేను ఒంటరిని కాననే ధైర్యం వచ్చింది. గెత్సేమనేలో ప్రభువు వేడుకున్నా ఆ గిన్నె తొలగిపోలేదు. అయితే లూకా 22:43 ప్రకారం ఆయనను బలపరచడానికి పరలోకమునుండి దూత వచ్చాడు. నాకు ఆ రోజు బలమిచ్చింది ఆ నర్సమ్మ మాటే.

నాలుగవదిగా, భయపడుతున్నవారిని ఒంటరిగా విడువకండి. ప్రభువే తన శ్రమ గడియలో పేతురును, యాకోబును, యోహానును తోడు రమ్మన్నాడు. వారు నిద్రపోయారు. మనం నిద్రపోకూడదు. ఆసుపత్రికి వెళ్లే సంఘస్థులారా, రోగి పక్కన కూర్చొని, "మా పిన్నిగారికి ఇలాగే చేసి నడుము పోయింది" అని కథలు చెప్పకండి. అనుమతిస్తే చేయి పట్టుకోండి. చిన్నపిల్లలకు "ఏమీ నొప్పుండదు" అని అబద్ధం చెప్పకండి. "కాసేపు నొప్పిగా ఉంటుంది నాన్నా, అమ్మ ఇక్కడే ఉంటుంది" అని చెప్పండి. ఒకసారి అబద్ధం చెబితే రెండవ సూదికి బిడ్డ మిమ్మల్ని నమ్మడు.

పరీక్ష తరువాత కొందరికి తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గడం దాని గుర్తు. సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, దానికి చికిత్స ఉంది. సూది వేసిన చోట కొన్నాళ్లు సలుపు ఉండవచ్చు. అయితే జ్వరం వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కి బలహీనమైనా, మూత్రం పట్టు తప్పినా, గుచ్చిన చోట నీరు కారినా, తలనొప్పి భరించలేనంతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటి దగ్గర ప్రార్థన చేస్తూ ఆలస్యం చేయవద్దు. దారిలోనూ ప్రార్థించవచ్చు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. అమ్మా, యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు, ఎవరి పాపం వల్ల ఇలా జరిగిందని అడిగారు. ప్రభువు అతనిమీద గాని, అతని కన్నవారిమీద గాని ఆ నింద మోపలేదు. నీ మీద కూడా మోపడు. ఆ రెండు రోజుల ఆలస్యం వల్లనే వినికిడి పోయిందో, ఆ జబ్బు వల్ల ఎలాగైనా పోయేదో నేను చెప్పలేను. కానీ ఒక సంగతి చెప్పగలను. బిడ్డ మీద ప్రేమతోనే నీవు భయపడ్డావు. ఆ భయానికి ఎవరూ సత్యం చెప్పలేదు. తప్పు నీ ఒక్కదానిది కాదు. భయపడవద్దని చెప్పి, ఎందుకు భయపడనక్కరలేదో చెప్పని మాలాంటి బోధకులది కూడా. నన్ను క్షమించమ్మా. రేపు మీ సంఘంలో మరొక తల్లి సంతకం పెట్టలేక చేతులు వణుకుతూ నిలబడితే, నీవు వెళ్లి ఆమె పక్కన నిలబడు. నీకు తెలిసినది ఆమెకు చెప్పు. నీ కన్నీళ్లు వ్యర్థం కాలేదని ఆ రోజు నీకే తెలుస్తుంది.

ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన మా తండ్రీ, ఈ ఘడియలో ఆసుపత్రి మంచాల మీద భయముతో ఉన్న నీ బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. వైద్యుల చేతులకు నేర్పును, నర్సుల మాటలకు ఆదరణను, తల్లిదండ్రులకు సరియైన నిర్ణయమును దయచేయుము. నొప్పి తొలగని చోట నీ సన్నిధిని తెలియజేయుము. తోటలో వేదనపడిన నీ కుమారుడైన యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమెన్.