యూనియన్, అడ్వకసీ గ్రూప్: అమెరికా టీచర్లకు ఏది ఏం చేయగలదు?

అమెరికాలో మనవాళ్లు అనగానే సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. కానీ అక్కడి గవర్నమెంట్ స్కూళ్లలో పాఠాలు చెప్పే తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మా పెద్దమ్మ కూతురు టెక్సాస్‌లో లెక్కల టీచర్. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు సంస్థలవాళ్లు వచ్చి మెంబర్‌షిప్ తీసుకోమన్నారట. ఒకటి యూనియన్, ఇంకోటి "మేం యూనియన్ కాదు" అని చెప్పుకునే అసోసియేషన్. "రెండూ చందా తీసుకుంటాయి, రెండూ అవసరమైతే లాయర్‌ని ఇస్తామంటాయి. మరి తేడా ఏంట్రా?" అని అడిగింది. ఈ రోజు ఆ తేడా సంగతే చూద్దాం.

ముందు యూనియన్. మన దగ్గర ఒకే స్కూల్లో ఒక సారు యూటీఎఫ్, ఇంకో సారు పీఆర్‌టీయూ అయి ఉంటారు. ప్రభుత్వం చర్చలకు పిలిస్తే అన్ని సంఘాలూ వెళ్తాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో అలా ఉండదు. ఒక డిస్ట్రిక్ట్‌లో ఎక్కువమంది టీచర్లు ఒక యూనియన్‌ని ఎంచుకుంటే, డిస్ట్రిక్ట్ ఆ ఒక్కదానితోనే కూర్చుని మాట్లాడాలి. జీతం, సెలవులు, పని గంటలు లాంటివన్నీ కాంట్రాక్ట్‌లో రాసుకుంటారు. ఆ కాంట్రాక్ట్ మెంబర్ కాని టీచర్‌కి కూడా వర్తిస్తుంది. అందుకే చర్చల్లో, కాంట్రాక్ట్ అమలులో మెంబర్ కానివాళ్ల పట్ల వివక్ష చూపించకూడదని చట్టం యూనియన్ మీద బాధ్యత పెట్టింది.

ఇప్పుడు అడ్వకసీ గ్రూప్. ఇది రిపోర్టులు రాస్తుంది, ప్రచారం చేస్తుంది, ఎమ్మెల్యేల్లాంటి అక్కడి చట్టసభ సభ్యుల్ని కలిసి అడుగుతుంది. 2010లో న్యూయార్క్‌లో టీచర్లు మొదలుపెట్టిన ఎడ్యుకేటర్స్ ఫర్ ఎక్సలెన్స్ ఇలాంటిదే. ఇలాంటి గ్రూపులు చాలావరకు ఫౌండేషన్లు, దాతలు ఇచ్చే డబ్బుతో నడుస్తాయి. డిస్ట్రిక్ట్ వీళ్ల మాట వినొచ్చు, వినకపోవచ్చు. మన భాషలో చెప్పాలంటే యూనియన్ దగ్గర అడ్మిన్ లాగిన్ ఉంది, అడ్వకసీ గ్రూప్ దగ్గర ఫీడ్‌బ్యాక్ ఫారం ఉంది. ఫీడ్‌బ్యాక్‌తో కూడా ప్రొడక్ట్ మారుతుంది, కాకపోతే మార్చి తీరాలన్న రూలేం లేదు.

మరి ఓపెన్ షాప్ ఎక్కడొస్తుంది? చందా దగ్గర. యూనియన్‌కి డబ్బు కట్టడం ఉద్యోగానికి షరతు కాకూడదు అనేదే ఓపెన్ షాప్. 1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేసుకోవచ్చని చెప్పింది. వీటికి 'రైట్ టు వర్క్' అని పేరు. పేరు చూసి ఉద్యోగం గ్యారంటీ అనుకోకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇప్పుడు 26 రాష్ట్రాల్లో ఉన్నాయి.

గవర్నమెంట్ టీచర్ల విషయంలో 2018 జూన్ 27న కథ మారింది. ఇల్లినాయ్ ప్రభుత్వ ఉద్యోగి మార్క్ జానస్ వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది. మెంబర్ కాని ప్రభుత్వ ఉద్యోగి దగ్గర యూనియన్ ఫీజు బలవంతంగా తీసుకోకూడదంది. 1977 నుంచి నడిచిన పద్ధతి దాంతో ఆగిపోయింది. అంటే టీచర్ల వరకు దేశమంతా ఓపెన్ షాపే.

రెండు వైపులా వాదన ఉంది. యూనియన్‌వాళ్లది మన అపార్ట్‌మెంట్ గొడవే: మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్‌వాళ్లు కూడా లిఫ్ట్ ఎక్కుతారు, కట్టేవాళ్లు తగ్గితే చివరికి లిఫ్టే ఆగిపోతుంది. జానస్ వైపు వాదన వేరే. ప్రభుత్వంతో జీతాల బేరమంటే అదీ రాజకీయమే, నాకు నచ్చని రాజకీయానికి నా డబ్బు ఎందుకు కట్టాలి అని. కోర్టు ఈ రెండో వాదన తీసుకుంది.

ఇక్కడే చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతారు. ఓపెన్ షాప్ వచ్చినంత మాత్రాన యూనియన్‌కి బేరమాడే హక్కు పోదు. చందా ఎవరు కట్టాలనేది ఒక రూల్, కాంట్రాక్ట్ కుదుర్చుకోవచ్చా లేదా అనేది వేరే రూల్. ఫ్లోరిడానే చూడండి. అక్కడి రాజ్యాంగంలో రైట్ టు వర్క్ ఉంది, ఉద్యోగులు కలిసి బేరమాడే హక్కు కూడా ఉంది. కానీ 2023లో అక్కడ ఇంకో చట్టం వచ్చింది. జీతంలోంచి చందా కోయడం ఆపేశారు. చందా కట్టేవాళ్లు 60 శాతం కంటే తగ్గితే, ఆ హక్కు నిలబెట్టుకోడానికి యూనియన్ మళ్లీ గుర్తింపు కోసం వెళ్లాలి. అక్కడ చందా కట్టకపోతే కాంట్రాక్ట్‌కే ఎసరు రావచ్చు.

టెక్సాస్‌లో రెండు తలుపులూ మూసేశారు. అక్కడ డిస్ట్రిక్ట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నా చెల్లదు. సమ్మె చేస్తే ఉద్యోగం వల్ల వచ్చిన హక్కులు, ప్రయోజనాలు పోతాయి. అందుకే అక్కడ టెక్సాస్ ఏఎఫ్‌టీ లాంటి యూనియన్, 1980లో పుట్టిన ఏటీపీఈ అనే నాన్-యూనియన్ అసోసియేషన్ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండూ ఆస్టిన్‌లో లాబీయింగ్ చేస్తాయి, మెంబర్లకు లీగల్ సాయం చేస్తాయి. తేడా ఎక్కడంటే, యూనియన్ ఆ బేరమాడే హక్కు కావాలంటుంది, ఏటీపీఈ వద్దంటుంది.

అలాగని కాంట్రాక్ట్ లేని చోట యూనియన్ వేస్ట్ అనలేం. వెస్ట్ వర్జీనియాలో టీచర్లకు బేరం చట్టమే లేదు, సమ్మె చట్టవిరుద్ధం. అయినా 2018లో మొత్తం 55 కౌంటీల్లో స్కూళ్లు 9 పనిదినాలు మూతపడ్డాయి, 5 శాతం పెంపు వచ్చింది. చట్టం ఇవ్వని బలం జనం కలిసి రావడంతో వచ్చింది. కానీ అలాంటి సమ్మె ప్రతి ఏడాదీ చేయలేరు. కాంట్రాక్ట్ మాత్రం గడువు తీరేదాకా పనిచేస్తూనే ఉంటుంది.

మీ ఇంట్లో ఎవరైనా అక్కడ టీచర్‌గా చేరుతుంటే, సంతకం పెట్టే ముందు మూడు విషయాలు కనుక్కోమనండి. ఈ సంస్థ నా తరఫున కాంట్రాక్ట్ కుదర్చగలదా? నాకు సమస్య వస్తే నిలబడాల్సిన బాధ్యత దీనికి ఉందా? దీని డబ్బు టీచర్ల చందానా, బయటి దాతలదా? బోర్డు మీద యూనియన్ అని రాసినా, అసోసియేషన్ అని రాసినా, అసలు సంగతి ఈ మూడు జవాబుల్లో తెలిసిపోతుంది.