కడలి అడుగును లెక్కగట్టే కెమెరాలు

సముద్రం అడుగున నేల అంతా ఒకేలా ఉండదు. ఒకచోట మెత్తటి బురద, పక్కనే ఇసుక, కొంత దూరం పోతే రాళ్ల గుట్టలు. ఏ జీవి ఎక్కడ బతకాలో చాలావరకు ఆ నేలే తేలుస్తుంది. పీతలు, కొన్ని జాతుల రొయ్యలు బురదలో, ఇసుకలో దాక్కుంటాయి. పగడాలకు, స్పాంజ్‌లకు అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. రాతి సందులు చిన్న చేపలకు దాగే చోట్లు, పెద్ద చేపలకు వేటాడే చోట్లు. ఇలా ఒక్కో రకం నేల, దాన్ని ఆశ్రయించిన జీవసమూహం కలిస్తే అదొక ఆవాసం. వీటిలో ఏది ఎక్కడుందో, ఎంత ఆరోగ్యంగా ఉందో తెలియకుండా కాపాడటం సాధ్యం కాదు. నీటి అడుగు కెమెరాలతో చేసే సర్వేలు ఆ లెక్క తేల్చడానికే.

నీటి లోపల ఫొటో తీయడం కొత్త విద్య కాదు. ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త లూయీ బూటాన్ 1893లోనే మధ్యధరా తీరంలోని బన్యూల్స్ దగ్గర సముద్రంలోకి దిగి ఫొటోలు తీశాడు. అయితే ఫొటో వేరు, సర్వే వేరు. ఎక్కడ తీశారో, ఎంత లోతులో తీశారో, అందులో కనిపించే నేల ఎన్ని చదరపు మీటర్లో తెలిసినప్పుడే ఆ చిత్రం శాస్త్రానికి పనికొస్తుంది. మరుసటి ఏడు మళ్లీ అదే చోటికి వెళ్లి, అదే పద్ధతిలో తీయగలిగితేనే మార్పు బయటపడుతుంది.

ఆంధ్ర తీరంలో నేల తీరు

తీరం లేని జిల్లాలకూ కడలి అడుగుతో సంబంధం ఉంది. ఉదాహరణకు పల్నాడు జిల్లాకు సముద్రతీరం లేదు. అయినా శావల్యాపురం, నరసరావుపేట ప్రాంతాల్లో కురిసిన వాన కూడా వాగుల మీదుగా చివరికి బంగాళాఖాతానికే చేరుతుంది. జిల్లా ఉత్తరపు అంచున పారే కృష్ణ, దాని తర్వాత గోదావరి వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు మట్టే మధ్య కోస్తాకు ఎదురుగా కడలి అడుగున పరుచుకుని ఉంది. నాగార్జునసాగర్ లాంటి జలాశయాలు కట్టాక ఆ మట్టిలో చాలా భాగం వాటిలోనే ఆగిపోతోంది. అంటే తీరానికి ఎంతో దూరంలో జరిగే పనులు కూడా సముద్రపు నేలను మారుస్తాయి.

విశాఖపట్నం వైపు తీరం వేరు. అక్కడ తూర్పు కనుమల కొండలు నీటి అంచుదాకా వస్తాయి. ఆ రాతి నేల అక్కడక్కడా నీటి కింద కూడా కొనసాగుతుంది. రుషికొండ, పూడిమడక, విజయనగరం జిల్లా చింతపల్లి తీరాల్లో స్కూబా డైవర్లు దిగే చోట్లు ఇలాంటివే. రాళ్లను అంటిపెట్టుకుని మెత్తటి పగడాలు, స్పాంజ్‌లు, సీ అనిమోన్లు పెరుగుతాయి. సందుల్లో గ్రూపర్లు, మోరే ఈల్‌లు, లయన్‌ఫిష్‌లు తిరుగుతాయి. విశాలమైన ఇసుక, బురద మైదానాల మధ్య ఈ రాతి నేలలు చిన్న చిన్న దీవుల్లా ఉంటాయి. అడుగును ఊడ్చుకుపోయే ట్రాల్ వల ఒక్కసారి వాటి మీదుగా పోతే, ఏళ్ల తరబడి పెరిగినది విరిగిపోతుంది.

సర్వే జరిగే తీరు

మొదట ధ్వని, ఆ తర్వాత కెమెరా. పడవ అడుగున అమర్చిన మల్టీబీమ్ సోనార్ కిందికి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి లోతు కొలుస్తుంది. గట్టి రాయి నుంచి ప్రతిధ్వని బలంగా, మెత్తటి బురద నుంచి బలహీనంగా వస్తుంది. దాంతో నేల ఎత్తుపల్లాలు, గట్టిదనం తెలిసే పటం తయారవుతుంది. అక్కడ ఏ జీవులున్నాయో చెప్పడం మాత్రం కెమెరా పని.

కెమెరాను దింపే పద్ధతులు చాలా ఉన్నాయి. లోతు తక్కువైన చోట డైవర్లు నేల మీద కొలత టేపు పరిచి, దాని వెంట వరసగా ఫొటోలు తీస్తారు. డైవర్లు దిగలేని చోట ఇనుప చట్రానికి కెమెరా, దీపాలు బిగించి తాడుతో దింపుతారు, లేదా పడవ వెనక మెల్లగా లాగుతారు. ఇంకా లోతుకు పోవాలంటే, కేబుల్ ద్వారా పైనుంచి నడిపే ఆర్‌ఓవీ యంత్రాలు కావాలి. చేపల లెక్కకు మరో ఉపాయం ఉంది. కెమెరా ముందు ఎర సంచి కట్టి, అడుగున వదిలి వీడియో తీస్తారు. ఒకే చేప పదిసార్లు రావచ్చు కాబట్టి, ఒక జాతి చేపలు ఒకే ఫ్రేములో గరిష్ఠంగా ఎన్ని కనిపించాయో ఆ అంకెనే తీసుకుంటారు.

నీరు వెలుతురును మింగేస్తుంది. ముందుగా పోయేది ఎరుపు. కొన్ని మీటర్ల లోతులోనే ఎర్రటి జీవులు కూడా బూడిద రంగులో కనిపిస్తాయి. అందుకే కెమెరాకు సొంత దీపాలుండాలి. ఆంధ్ర తీరంలో నీటిలో తేలే మట్టి రేణువులు ఇంకో చిక్కు. పొగమంచులో బండి హెడ్‌లైట్ వేసినట్టు, దీపం కాంతి ఆ రేణువుల మీద పడి లెన్స్‌లోకే తిరిగొస్తుంది. దీపాలను లెన్స్‌కు దూరంగా, పక్కనుంచి పడేలా అమర్చితే ఈ బెడద తగ్గుతుంది. నదుల వరద నీరు తగ్గి సముద్రం తేరుకున్న నెలలను ఎంచుకోవడమూ ముఖ్యమే. రేడియో తరంగాలు నీటిలో ఎక్కువ దూరం పోవు కాబట్టి అడుగున జీపీఎస్ పనిచేయదు. పడవ నుంచి ధ్వని సంకేతాలు పంపి యంత్రం ఉన్న చోటును లెక్కగడతారు.

ఫొటో అంకెగా మారేది ఇలా

కెమెరా పక్కన రెండు లేజర్ కిరణాలను సమాంతరంగా, ఉదాహరణకు 10 సెంటీమీటర్ల ఎడంతో బిగిస్తారు. ఫొటోలో ఆ రెండు చుక్కల మధ్య దూరమే కొలబద్ద. సీ ఫ్యాన్ అనే పగడం వెడల్పు ఆ ఎడానికి మూడు రెట్లుంటే అది 30 సెంటీమీటర్లని తెలుస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో ఆ ఫొటో మీద 50 చుక్కలను ఎక్కడ పడితే అక్కడ చల్లి, ఒక్కో చుక్క కింద ఏముందో రాసుకుంటారు. 20 చుక్కల కింద స్పాంజ్, 15 కింద నాచు, మిగతా 15 కింద ఇసుక ఉన్నాయనుకుంటే, ఆ ఫ్రేములో స్పాంజ్ 40 శాతం అన్నమాట. వందల ఫొటోలను ఇలా చూస్తే ఆ చోటి అసలు స్థితి తేలుతుంది. ఇప్పుడు ఈ గుర్తింపు పనిని కొంతవరకు కృత్రిమ మేధ చేస్తోంది. అయితే తేట నీటి ఫొటోలతో నేర్చుకున్న ప్రోగ్రాం మసక నీటిలో తడబడుతుంది. స్థానిక జీవుల ఫొటోలను నిపుణులు ముందుగా గుర్తించి దానికి నేర్పాల్సిందే.

చీకటి లోతుల్లో

తీరానికి దూరంగా, సూర్యకాంతి చేరని లోతుల్లోనూ ఆవాసాలున్నాయి. 2018లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు సింధు సాధన నౌకలో వెళ్లి, కృష్ణా-గోదావరి బేసిన్‌లో సుమారు 1,750 మీటర్ల లోతున మీథేన్ ఊరే చోటును గుర్తించారు. అక్కడి ఆల్చిప్పల లాంటి జీవులు ఎండ మీద ఆధారపడవు. వాటి శరీరంలో ఉండే బాక్టీరియా రసాయనాల నుంచి శక్తి తీసి వాటిని పోషిస్తుంది. ఇలాంటి లోతులను చూడటానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దగ్గర రోసబ్ 6000 అనే ఆర్‌ఓవీ ఉంది. అది 2010లో మధ్య హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల లోతు దాకా దిగింది.

కాపాడటానికి ఉపయోగం

ఆస్ట్రేలియా తన గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్కును ముందు 70 జీవ ప్రాంతాలుగా విభజించుకుంది. ప్రతి రకం ఆవాసంలోనూ కొంత భాగమైనా భద్రంగా ఉండేలా, 2004లో చేపల వేట నిషేధించిన ప్రాంతాన్ని 5 శాతం లోపు నుంచి సుమారు 33 శాతానికి పెంచింది. ఎక్కడ ఏముందో తెలిసి ఉండటం వల్లే అది సాధ్యమైంది.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి పగడాలకు రక్షణ ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆగుతుంది. ఈ విరామం కాలాన్ని బట్టి పెట్టింది. ఏ చోటును ఏడాది పొడవునా వదిలేయాలో చెప్పడానికి మాత్రం ఆవాసాల పటం కావాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాంకేతిక సాయంతో, చేపలు చేరేందుకు దింపే సిమెంటు కృత్రిమ రీఫ్‌లకూ ఇదే వర్తిస్తుంది. అవి బురదలో కూరుకుపోకూడదు, సహజమైన రాతి ఆవాసం మీద పడకూడదు. దింపిన తర్వాత వాటి మీద ఏం పెరిగిందో చెప్పేదీ కెమెరాయే.

కెమెరాకు హద్దులున్నాయి. బురద లోపల బతికే పురుగులు, నత్తలు దానికి కనిపించవు. వాటి కోసం మట్టి నమూనా తీయాల్సిందే. ఎక్కడ వెతకాలన్నదీ కెమెరా చెప్పదు. ఆ సంగతి మత్స్యకారులకు తెలుసు. వల రాళ్లకు తగులుకునే చోట్లను వాళ్లు తరతరాలుగా ఒడ్డున కనిపించే కొండ శిఖరాలు, గుడి గోపురాల ఆనవాళ్లతో గుర్తుపెట్టుకున్నారు. సర్వే వాళ్లను అడగడంతో మొదలై, ఫలితాన్ని వాళ్ల ముందు పెట్టడంతో ముగియాలి. వేట ఎక్కడ మానుకోవాలో ఆచరణలో తేల్చేది వాళ్లే కాబట్టి, తీసిన చిత్రాలు ముందుగా చేరాల్సింది వాళ్లకే.