గట్టి సీసమా, సరిపోయే సీసమా?

"అమెరికా అనుభవాలు ఏవైనా రాసి పంపండి" అని మన విద్యార్థి సంఘం సంపాదకవర్గం వారు అడిగారు. మంచు గురించీ, రోడ్ల గురించీ, డాలరు గురించీ మన పూర్వవిద్యార్థులు ఇదివరకే కావలసినంత రాశారు గనుక నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. అది తుపాకి సంగతి. కంగారు పడకండి. నిజానికి ఇది లోహాల సంగతి, కొలతల సంగతి. మన కాలేజీలో నేర్చుకున్న మెటలర్జీ నన్ను ఒకచోట బోల్తా కొట్టించిన కథ.

ముందే ఒక మాట చెప్పాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడమే కాదు, తూటాలు తయారుచేయడం కూడా నేరమే. నేను రాస్తున్నది పెన్సిల్వేనియాలో జరిగిన ముచ్చట. అక్కడి వేటగాళ్ళకు ఇంట్లో కూర్చుని సొంత తూటాలు కూర్చుకోవడం మన ఇళ్ళలో ఆవకాయ పెట్టుకున్నంత మామూలు.

1994లో మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. ఉక్కు కార్ఖానాలో టర్నరుగా చేసి రిటైరయ్యాడు. చనిపోయిన అన్నగారి రైఫిలు ఒకటి ఆయన దగ్గరుంది. మనవడికి పన్నెండేళ్ళు నిండాయి, నవంబరు చివర్లో జింకల వేట మొదలవుతుంది, ఆ తుపాకితోనే కుర్రవాణ్ణి అడవికి తీసుకెళ్ళాలని ఆయన కోరిక. అన్నగారు వాడిన సీసపు అచ్చు కూడా పెట్టెలో దొరికింది. "నువ్వు లోహాలు చదువుకున్నవాడివి కదా, ఈ గుండ్లు పోసిపెట్టు" అన్నాడు. దానికేం భాగ్యం అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది!

అది లీవరు రైఫిలు. కౌబాయి సినిమాల్లో చూసే ఉంటారు, ట్రిగ్గరు చుట్టూ ఉన్న కొక్కీని హీరో చటుక్కున కిందికి తోసి పైకి లాగుతాడు, ఖాళీ తూటా బయటికి ఎగిరిపోయి కొత్తది లోపలికి వస్తుంది. ఈ జాతిలో అన్నిటికన్నా పేరుపడ్డది జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 మోడలు. 70 లక్షలకు పైగా తయారయ్యాయి. దానికి జోడీగా 1895లో వచ్చిన తూటా పేరు థర్టీ-థర్టీ. అంటే 30 కాలిబరు, అప్పట్లో అందులో పోసిన పొగలేని మందు 30 గ్రెయిన్లు. వంద సంవత్సరాలు దాటినా ఆ తూటా ఈనాటికీ అమ్ముడుపోతూనే ఉంది.

తూటా వేరు, గుండు వేరు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతికి బిగించిన గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. ఎగిరిపోయేది గుండు ఒక్కటే. అంగడిలో కొన్న గుండుకు లోపల సీసం, పైన రాగి తొడుగు ఉంటాయి. పోత గుండు మాత్రం మొత్తం సీసమే. తుపాకి గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి, గాడుల మధ్య గట్లు ఉంటాయి. గుండు వాటిలో ఇరుక్కుని పోతూ బొంగరంలా తిరుగుతుంది. ఆ తిరుగుడు ఉంటేనే గురి. మా రైఫిలులో 12 అంగుళాలకు ఒక చుట్టు. సెకనుకు 1,700 అడుగుల వేగంతో బయటికొచ్చే గుండు సెకనుకు 1,700 చుట్లు తిరుగుతుందన్నమాట. నిమిషానికి లక్షా రెండువేలు! మన వర్క్‌షాపులో ఏ లేతూ అంత తిరగదు.

ఇక నా పాండిత్యం చూడండి. సీసం మెత్తన, అంత వేగానికి, అంత తిరుగుడుకు తట్టుకోలేదు, గాడుల్లోంచి జారిపోతుంది, కాబట్టి గట్టిపరచాలి. ఇది నా సిద్ధాంతం. సీసాన్ని గట్టిపరిచేవి ఆంటిమొనీ, తగరం. ఈ మిశ్రమం నాకు కొత్తదేం కాదు. 1979లో ఇదే వార్షిక సంచిక ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సుకు వెళ్ళిన బృందంలో నేనూ ఉన్నాను. కంపోజిటరు కేసులోంచి అక్షరం అక్షరం ఏరి పేరుస్తుంటే వేళ్ళు నల్లబడేవి. ఆ అక్షరాలది కూడా సీసం, ఆంటిమొనీ, తగరమే. మనం తలకట్లూ వత్తులూ దిద్దుకుంటూ కూర్చున్న ఆ లోహంతోనే అమెరికా వాళ్ళు గుండ్లు పోస్తారని అప్పుడు ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. ఇంగ్లీషు పత్రికలు లైనోటైపు యంత్రాలను వదిలి ఆఫ్‌సెట్‌కు మారినప్పుడు ఆ లోహం అక్కడ తుక్కు కింద అమ్ముడుపోయింది. నూటికి 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. బ్రినెల్ కొలతలో మెత్తని సీసం 5 అయితే ఇది 22 వరకూ ఉంటుంది. పాత ఇనుము కొట్టులో రెండు దిమ్మలు కొని తెచ్చాను.

అచ్చులోంచి గుండ్లు అద్దాల్లా ఊడిపడ్డాయి. పుస్తకంలో ఈ రైఫిలు కొలత 0.308 అంగుళం అని ఉంటే, 0.308 సైజు డై కొని ప్రతి గుండునూ అందులోంచి నొక్కి తీశాను. వెనక చిన్న రాగి గిన్నె తొడిగాను. దీన్ని గ్యాస్ చెక్ అంటారు, వేడి వాయువు సీసం అడుగును కరిగించకుండా కాపాడుతుంది. గాడుల్లో మైనం, గ్రీజు పట్టించాను. ఈ గ్రీజు మన చరిత్రకు కొత్త కాదు. 1857లో సిపాయిలకు అనుమానం పుట్టించింది ఎన్‌ఫీల్డ్ రైఫిలు తూటాకు పూసిన కొవ్వే. సీసం గొట్టానికి అంటుకోకుండా ఏదో ఒక జిడ్డు ఉండక తప్పదు, ఏ జిడ్డు అన్నదే అక్కడ తగువు అయింది.

శనివారం ముగ్గురం వెళ్ళి కాల్చాం. 50 గజాల దూరంలో అయిదు గుండ్లు అన్నం పళ్ళెమంత మేర తలోదారి పట్టాయి. జింకకు ప్రాణస్థానం దాదాపు అంతే ఉంటుంది, దాని అంచున తగిలిందంటే ఆ జంతువు గాయంతో పరుగెత్తి ఎక్కడో పొదల్లో రెండు రోజులు చస్తుంది. ముసలాయన ఏమీ అనలేదు. కుర్రవాడు గొట్టంలోకి తొంగిచూసి "లోపల వెండి పూత వేశారా?" అన్నాడు. వెండి కాదు, నా సీసమే, గట్ల వెంబడి అతుక్కుపోయి మెరుస్తున్నది. దాన్ని గోకి వదలగొట్టడానికి ఒక సాయంత్రం పట్టింది.

తరవాత రెండు వారాలు మందు తగ్గించాను, గ్రీజు మార్చాను, ఇంకా గట్టి మిశ్రమం ఏదైనా ఉందా అని లైబ్రరీలో వెతికాను. చివరికి ముసలాయనే అడిగాడు: "ఏమయ్యా, ఆ గొట్టం కొలిచావా?"

కొలవలేదు. పుస్తకంలో ఉంది కదా అన్నాను. ఆయన నవ్వాడు. నలభై ఏళ్ళు షాఫ్టులూ బేరింగులూ జతచేసినవాడు గనుక పుస్తకంలో కొలతకూ ఎదురుగా ఉన్న వస్తువు కొలతకూ ఉండే తేడా ఆయనకు తెలుసు. గేలానికి కట్టే మెత్తని సీసం గుండొకటి తీసుకుని, గొట్టానికి నూనె పూసి, మూతినుంచి కొయ్య సుత్తితో తట్టి, ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా ఆ చివరికి తోశాడు. బయటికొచ్చిన ముక్క మీద గాడులు అచ్చుపడి ఉన్నాయి. స్క్రూగేజి పెట్టి చూశాడు. 0.3095. పాత రైఫిళ్ళలో ఇలాంటి తేడా మామూలే, రాగి తొడుగు గుండుకు దానివల్ల పెద్ద ఇబ్బంది రాదు.

మన టర్నర్ల భాషలో చెప్పాలంటే ఒకటిన్నర థౌ తేడా. తల వెంట్రుకలో సగం ఉంటుందేమో. కాని ఆ సందులోంచే మండుతున్న వాయువు గుండు పక్కనుంచి కొలిమి మంటలా దూసుకుపోతుంది, గుండు పక్కలను కోస్తుంది, కరిగిన సీసాన్ని గొట్టానికి మాటు వేస్తుంది. ఇక్కడే నా పాండిత్యం తిరగబడింది. మెత్తని గుండు అయితే వెనకనుంచి ఒత్తిడి పడగానే అడుగు కాస్త ఉబ్బి ఆ సందును తనే మూసుకునేది. నేను ఎంచి తెచ్చిన లైనోటైపు అంత గట్టిది గనుక ఉబ్బలేదు. గట్టిపరిచి నేను జబ్బును ఎక్కువ చేశాను.

పోత గుండు గాడి కొలత కన్నా ఒకటి రెండు థౌలు లావుగా ఉండాలి. తక్కినదంతా దీని తరవాతే. మార్లిన్ కంపెనీ వారు 1950ల నుంచి తమ లీవరు రైఫిళ్ళలో మైక్రోగ్రూవ్ పేరుతో లోతు తక్కువగా, సంఖ్య ఎక్కువగా గాడులు వేశారు. అవి పోత గుండును పట్టుకోవని ఒక అపవాదు ఉంది. కొలత సరిగ్గా ఉంటే శుభ్రంగా పట్టుకుంటాయి.

0.311 డై తెప్పించాను. లైనోటైపు పక్కనపెట్టి కారు చక్రాలకు బరువు సరిచూడటానికి తగిలించే సీసపు ముక్కలు కరిగించాను, నూటికి రెండు పాళ్ళు తగరం కలిపాను. దాని గట్టితనం 12కు అటూ ఇటూ. తగరం గట్టితనానికి కాదు, అచ్చు మూలమూలలకూ లోహం పారడానికి. మన ఊళ్ళో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే తగరం ఎలా పరుచుకుంటుందో చూశారు కదా, అదే గుణం. చక్రాల ముక్కల్లో జింకువి కలిసిపోతే పోత చెడుతుంది. జింకు 420 డిగ్రీల దాకా కరగదు కాబట్టి కుండను అంతకు తక్కువ వేడిలో ఉంచితే అవి పైన తేలుతాయి, తీసి పారెయ్యవచ్చు.

ఈసారి బాగుపడింది గాని, పూర్తిగా కాదు. 50 గజాల్లో మూడు అంగుళాలు. ఇంకా ఏదో ఉంది. ఒక తూటాలోంచి గుండు వెనక్కి లాగి కొలిచాను. 0.311 అని లోపల పెట్టిన గుండు 0.309 అయి బయటికొచ్చింది! ఇత్తడి మూతిని వెడల్పు చేసే నా పనిముట్టు రాగి తొడుగు గుండ్ల కోసం చేసినది. మూతి బిగుతుగా ఉండి మెత్తని సీసాన్ని నలిపేసింది. నేను బయట కొలుస్తున్నాను, అది లోపల మారిపోతోంది. కాస్త లావైన పనిముట్టు తెచ్చి, మూతి అంచును గంటలా కొద్దిగా విప్పి పెడితే ఆ చిక్కు తీరింది. అలాగని ఎంత లావైనా పెట్టకూడదు. లావు గుండు పెట్టిన తూటా మెడ గదిలో బిగుసుకుంటే గుండును వదలడానికి చోటుండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పైగా లీవరుకు బోల్టు రైఫిలుకున్నంత నొక్కే బలం లేదు, తూటా సులువుగా జారితేనే అది మూసుకుంటుంది. మందు తూకం విషయంలో మాత్రం అచ్చయిన లోడు పుస్తకాన్ని దాటి నేనెప్పుడూ పోలేదు, ఇక్కడ తూకాలు రాయను కూడా.

లీవరు రైఫిలుకు మరికొన్ని సొంత షరతులున్నాయి. తూటాలు గొట్టం కింది మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమరుకు ఆనుకుంటుంది. ముక్కు సూదిగా ఉంటే కాల్చినప్పటి కుదుపుకు లోపలే పేలవచ్చు, అందుకే చదునైన ముక్కు. లైమన్ కంపెనీ వారి 311041 అచ్చు, దాదాపు 170 గ్రెయిన్లది, ఈ పనికే పేరుపొందింది. స్ప్రింగు ఒత్తిడికి గుండు లోపలికి దిగిపోకుండా ఇత్తడి అంచును గుండు మీది గాడిలోకి మడవాలి కూడా. కాల్చేటప్పుడు గొట్టాన్ని కాదు, ముందు చెక్కను సంచిమీద ఆనించాలి. గొట్టానికి కింది గొట్టమూ చెక్కా పట్టీలతో బిగించి ఉంటాయి గనుక వేడెక్కితే అన్నీ ఒకదాన్నొకటి లాగుతాయి. అయిదు గుండ్లు గబగబా కాల్చి ఇది గురిలేని తుపాకి అనేవాళ్ళు ఉన్నారు. మధ్యలో ఒక కాఫీ తాగితే ఆ మాట అనరు.

గుండ్లు ఏరడం ఒక పని. మసాచుసెట్స్‌లో ఫ్రాంక్లిన్ మన్ అనే వైద్యుడు దశాబ్దాల పాటు గుండ్ల మీద ప్రయోగాలు చేసి 1909లో పుస్తకం అచ్చువేశాడు. కావాలని గుండ్లను పాడుచేసి కాల్చిచూశాడాయన. ముక్కు చెడినా గురి పెద్దగా చెడలేదు, అడుగు చెడితే చెడింది. గుండు మూతి దాటే క్షణంలో వాయువు అడుగు అంచునుంచే బయటపడుతుంది, ఆ అంచు ఒకవైపు గుండ్రం తప్పితే వాయువు గుండును పక్కకు నెట్టేస్తుంది. ఇది చదివాక ముక్కు మీద ముడతలున్నవాటిని కాస్త క్షమించాను గాని, అడుగు అంచు పదునుగా లేనిది ప్రతిదీ తిరిగి కుండలోకే. మొదట్లో వందకు నలభై తిరిగిపోయేవి.

కుండ దగ్గర జాగ్రత్తలు రెండు ముక్కల్లో చెబుతాను. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా ఆవిరై లోహమంతా ముఖాన చిమ్ముతుంది. సీసం మరగాలంటే 1,749 డిగ్రీలు కావాలి కాబట్టి పొగకన్నా పైన తేలే తెట్టు, దాని దుమ్ము, కడగని చేతులు ఎక్కువ హాని. పిల్లలున్న ఇంట్లో వంటగదిలో ఈ పని పనికిరాదు. సీసం పక్షులకూ విషమే. కాండోర్ రాబందులు వేటాడిన జంతువుల అవశేషాలు తిని చస్తున్నాయని కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసపు గుండ్లు నిషేధించారు. ఆ నిషేధం సబబేనని నా అభిప్రాయం. కాగితం మీద గురిచూసేవాడికి దానివల్ల పోయేదేమీ లేదు.

ఆ ఏటి సీజనుకు మేము తయారు కాలేకపోయాం. కుర్రవాడు అంగడి తూటాలతో వెళ్ళి ఉత్త చేతులతో తిరిగివచ్చాడు. మరుసటి వేసవికి ఆ రైఫిలు 100 గజాల దగ్గర అయిదు గుండ్లను రెండున్నర అంగుళాల్లో పెట్టింది, దుర్బిణీ లేకుండా, కన్నపు సైటుతోనే. కాల్చింది నేను కాదు, ముసలాయన. కాగితాన్ని నా చేతిలో పెట్టి స్క్రూగేజి కూడా ఇచ్చేశాడు, "నీకే ఎక్కువ అవసరం" అని. నవంబరులో కుర్రవాడికి ఒక్క గుండే సరిపోయింది.

ఆ లైనోటైపు దిమ్మల్లో ఒకటి ఇప్పటికీ మా గరాజులో అటకమీద ఉంది. చక్రాల ముక్కలు ఇప్పుడు ఎక్కువగా ఇనుమువీ జింకువీ వస్తున్నాయి గనుక, మెత్తని సీసం దొరికినప్పుడల్లా ఆ దిమ్మలోంచి ఒక చెక్క కోసి కలుపుతుంటాను.